సూది దగ్గరికి దారమా, దారం దగ్గరికి సూదా

ఆ రోజు ఉదయం టేపు మాస్టారు వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కాఫీ తాగాలి. బావమరిది కోటుకి చేతులు కత్తిరించాలి, అతికించాలి, గుండీలు కుట్టాలి. భోజనాల వేళకి ఆ కోటు పెళ్ళికొడుక్కి తొడిగి, అద్దం ముందు నిలబెట్టి, రెండడుగులు వెనక్కి వేసి తన పనితనం తాను చూసుకోవాలి. సాయంత్రం పెళ్ళి. కోటు ఒళ్ళు, కాలరు, జేబులు, లోపలి లైనింగు అన్నీ ముందురోజే అయిపోయాయి. చేతుల్లేని ఆ కోటు కొయ్యబొమ్మ మీద ఠీవిగా నిలబడి, మిగతాది మీరు చూసుకోండి అన్నట్టుంది.

ఆయనకి టేపు మాస్టారని పేరెందుకు వచ్చిందంటే, కొలత టేపు ఆయన మెడలోంచి దిగదు. పెళ్ళిళ్ళకీ అదే, పరామర్శలకీ అదే. స్నానానికి వెళ్ళేటప్పుడైనా తీస్తారా లేదా అన్నది ఆయన భార్యకే తెలియాలి. ఆవిడ చెప్పదు.

ఈ కోటు వెనక చిన్న కథ ఉంది. బావమరిది బుద్ధిగా రెడీమేడ్ కోటు కొనుక్కుంటానన్నాడు. మాస్టారికి పౌరుషం వచ్చింది. "బావ దర్జీ అయ్యుండి నువ్వు అంగడి కోటు వేసుకుని పీటల మీద కూర్చుంటావా? నేనుండగానే?" అని అత్తగారింట్లో అందరి ముందూ అన్నారు. అత్తగారు ఆయన్ని కింద నుంచి పైదాకా చూసి, "చూద్దాం నాయనా" అంది. అంతే. ఆ రెండు మాటలూ అప్పటినుంచి మాస్టారికి చొక్కాలో మర్చిపోయిన గుండుసూదిలా గుచ్చుకుంటూనే ఉన్నాయి.

కాఫీ అయింది. కత్తెర చేతిలోకి తీసుకున్నారు. అప్పుడు ఫోను మోగింది.

చేసింది ఎదురు దుకాణంలో గుండీలు, జిప్పులు అమ్మే ఆవిడ. వీధి దాటి వచ్చి చెప్పొచ్చు, కానీ గల్లాపెట్టె వదలదు. ఊళ్ళో అందరికీ ఆవిడ గుండీల అక్క.

"తమ్ముడూ, నన్ను ఆ లిస్టులోంచి తీసెయ్."

"ఏమైందక్కా?"

"ఏమవడం ఏంటి. పొద్దున్నే తెరిస్తే బట్టతలకి తైలం. దాని కింద బట్టతలకి తైలం. దాని కింద నాకెవరో తెలీని మావయ్య ఆస్తి రాసిపెట్టి పోయాడట. వీటన్నిటి కింద ఎవరో పాపం జిప్పులున్నాయా అని అడిగారు. చూసుకునేసరికి బేరం వేరే కొట్టుకి పోయింది. ఇది దర్జీల లిస్టా, క్షవరాల లిస్టా?"

ఆ లిస్టంటే ఊళ్ళోని దర్జీలందరి మెయిలింగ్ లిస్టు. ఒక చిరునామాకి మెయిలు కొడితే అందరికీ చేరుతుంది. మెషిను మొరాయించినా, రంగు దారం దొరక్కపోయినా, కాలరు నిలబడకపోయినా ఎవరైనా అందులో అడగొచ్చు, ఎవరైనా చెప్పొచ్చు. దాన్ని మొదలుపెట్టింది ఊళ్ళో సగం మందికి కుట్టు నేర్పిన పెద్ద మాస్టారు. ఆయనకి చూపు తగ్గాక లిస్టు తాళాలు ప్రియశిష్యుడైన మన టేపు మాస్టారి చేతిలో పెట్టారు. పెడుతూ ఒకే ఒక్క షరతు విధించారు. ఎవరొచ్చినా రానివ్వాలి.

టేపు మాస్టారు వెంటనే గురువుగారికి ఫోను చేశారు. "గురువుగారూ, ఇలా కాదు. తలుపు వేసేద్దాం. మనకి తెలిసినవాళ్ళు రాస్తేనే వెళ్ళేలా పెడదాం."

"నువ్వు నాకు తెలిసే వచ్చావట్రా మొదటిరోజు?" అన్నారు పెద్ద మాస్టారు. "చినిగిన నిక్కరుతో గుమ్మంలో నిలబడ్డావు. నేను తలుపు వేసుంటే నువ్వీపాటికి ఎక్కడుండేవాడివి?"

"అప్పుడు బట్టతల తైలాలు లేవు కదండీ."

"అయితే తైలాన్ని ఆపు. మనిషిని ఆపకు." అని ఫోను పెట్టేశారు. గురువులతో ఇదే చిక్కు. ఏం చేయాలో చెప్తారు, ఎలాగో చెప్పరు.

టేపు మాస్టారు కత్తెరతో గడ్డం గోక్కుంటూ ఆలోచించారు. ఆ తైలం మెయిళ్ళు పంపేది మనిషి కాదని, ఏదో కంప్యూటరు తనంతట తానే పంపుతుందని ఎవరో చెప్పగా విన్నారు. అయితే దర్జీకి తెలిసి కంప్యూటరుకి తెలియని సంగతి ఒకటి అడిగితే సరి. మెయిలు పంపబోయే ప్రతివాడినీ గుమ్మంలో ఆపి ఒక ప్రశ్న వేయాలి. జవాబు కరెక్టయితే లోపలికి, తప్పయితే వెనక్కి. ఆయనకి తన బుర్ర మీద తనకే ముద్దొచ్చింది.

"ఇదిగో, ఇలా రా. టైపు చెయ్యి" అని భార్యని పిలిచారు. ఆవిడ ఎదురు మెషిను మీద కుడుతుంది. చేతిపని, అల్లికపని అంతా ఆవిడదే. టైపింగూ ఆవిడదే, ఎందుకంటే మాస్టారు ఒక్కో అక్షరాన్నీ కాజా కుట్టినంత సేపు కుడతారు.

ఇస్త్రీ బల్ల చివర ఉన్న కంప్యూటరు ముందు ఆవిడ కూర్చుంది. మాస్టారు వెనక చేతులు కట్టుకుని చెప్పారు. "సూదికి దారం ఎక్కించేటప్పుడు కదిలించాల్సింది దేన్ని? సూదినా, దారాన్నా? రాశావా? జవాబు తప్పయితే కింద మన దుకాణం అడ్రసు వచ్చేలా పెట్టు. సందేహం ఉంటే స్వయంగా రండి అని. పద్ధతిగా ఉంటుంది."

"మరి జవాబో?"

"దానికి నన్నడగాలా? వేసెయ్" అని ఆయన సుద్దముక్క వెతుక్కోవడానికి వెళ్ళిపోయారు.

ఆవిడ వేసేసింది.

మాస్టారు హుషారుగా బట్ట పరిచారు. బూడిదరంగు మీద సన్నని నీలం గీతలున్న సూటు గుడ్డ. పైవైపు నున్నగా, లోపలివైపు నూగుగా ఉంటుంది. చెయ్యి ఆకారంలో ఉన్న కాగితం పరిచి, సుద్దతో గీసి, ఒక చెయ్యి కత్తిరించారు. రెండోదానికి కాగితాన్ని తిరగేసి పరవాలి. ఇది కుట్టు నేర్చుకునేవాళ్ళకి రెండోరోజు పాఠం. కానీ ఆ క్షణంలో ఆయన మనసు ఊళ్ళో లేదు. దర్జీలందరూ సభ పెట్టి తనకి దండ వేస్తున్నారు, గుండీల అక్క చప్పట్లు కొడుతోంది, దూరంగా ఎక్కడో బట్టతల తైలం తలొంచుకుని వెళ్ళిపోతోంది. ఆ ఆనందంలో కాగితాన్ని తిరగేయకుండానే పరిచి, చక్కగా, గీత దాటిపోకుండా, కరకరా కత్తిరించారు.

దండ మెడలోంచి తీసి చూసుకుంటే రెండూ ఎడమచేతులే.

తిరగేసి కుడదామంటే నూగు పైకొస్తుంది. మిగిలిన గుడ్డ చూశారు. అందులోంచి ఓ జేబు వస్తుంది, చెయ్యి రాదు. బట్టల కొట్టుకి ఫోను చేశారు.

"ఆ తాను అయిపోయింది మాస్టారూ" అన్నాడు కొట్టాయన. "ఆఖరి ముక్క మొన్న ఎవరో బస్సు డ్రైవరు తీసుకెళ్ళాడు. కోటు కుట్టడం నేర్చుకుంటున్నాట్ట."

"ఎవరాయన? ఎక్కడుంటాడు?"

"గుడ్డ కొలిచాను గానీ ఆయన్ని కొలవలేదండీ."

ఇక మిగిలింది లిస్టే. ఇంతమంది దర్జీల్లో ఎవరి అలమరలోనో ఈ గుడ్డ ముక్క ఉండకపోదు. మాస్టారు కంప్యూటరు ముందు కూర్చుని, చెమటోడ్చి, బూడిదరంగు, నీలం గీత, ఓ చెయ్యంత చాలు, అర్జెంటు అని కొట్టారు. పంపబోతే ప్రశ్న అడ్డం వచ్చింది. చిరునవ్వుతో 'దారాన్ని' అని కొట్టారు. జవాబు తప్పు, సందేహం ఉంటే స్వయంగా ఫలానా దుకాణానికి రండి అని తన దుకాణం అడ్రసే తనకి చూపించింది.

మళ్ళీ కొట్టారు. మళ్ళీ రమ్మంది. ఆయన అక్కడే ఉన్నారు.

"ఇది పాడైపోయిందే" అన్నారు.

ఆవిడ మెషిను ఆపలేదు. "ఏం కొట్టారేంటి?"

"దారం."

"అదే మరి."

"అదే మరి అంటే?"

"దారం మెత్తనిది, కదిలిస్తే ఒంగిపోతుంది. దాన్ని వేళ్ళ మధ్య బిగించి పట్టుకుని సూదిని దాని మీదికి తెస్తారు ఎవరైనా. అందుకే సూది అని వేశాను."

ఇన్నేళ్ళ కాపురం. ఒకే గది, ఎదురెదురు మెషిన్లు. ఆవిడ సూదికి దారం ఎలా ఎక్కిస్తుందో ఆయన ఎప్పుడూ చూడలేదు. "బెజ్జం కదులుతుంటే గురి ఎలా కుదురుతుందే? సూది స్థిరంగా ఉండాలి, దారం వెళ్ళాలి. నువ్వు చేసేది దారం ఎక్కించడం కాదు, చేపకి గాలం వేయడం."

"గాలానికైనా చేప పడుతోంది. మీరు సూది బెజ్జంలో దారం పెట్టేసరికి మా తమ్ముడికి పిల్లలు పుడతారు. గొడవెందుకు, సూది అని కొట్టి పంపెయ్యండి, వెళ్తుంది."

"నేనా? నా చేత్తో సూది అనా?" మాస్టారు టేపు సర్దుకున్నారు. "కోటు లేకపోయినా ఫరవాలేదు గానీ ఆ మాట మాత్రం కొట్టను."

కొట్టలేదు. తాళాలు తన దగ్గరే ఉన్నాయి కదా, జవాబునే 'దారం' అని మార్చేశారు. మెయిలు దర్జాగా వెళ్ళింది. ఆయన సుద్దముక్కలు సర్దుకోవడానికి లేవగానే ఆవిడ వచ్చి మళ్ళీ 'సూది' చేసింది. ఆయన చూసుకుని 'దారం' చేశారు. ఆవిడ కుక్కరు దింపి వస్తూ దారిలో 'సూది' చేసింది.

ఆ పూటంతా దర్జీల లిస్టు ఒక రెక్కే తెరుచుకునే తలుపులా తయారైంది. సూదివాళ్ళకి తెరిచినప్పుడు దారంవాళ్ళకి మూత, దారంవాళ్ళకి తెరిచినప్పుడు సూదివాళ్ళకి మూత. రెండో మాట కొడితే ఎవరైనా లోపలికి పోవచ్చు. ఒక్క దర్జీ కొట్టలేదు. ముప్పావు జీవితం సూది పట్టుకున్నవాడు ఎదుటివాడి పద్ధతే కరెక్టని ఎలా రాస్తాడు, మీరే చెప్పండి. మాస్టారి మెయిలుకి జవాబులు రాకపోలేదు. దారం వైపు వాళ్ళు నలుగురు రాశారు. ప్రశ్న చాలా బాగుందని, ఇన్నాళ్ళకి న్యాయం జరిగిందని రాశారు. గుడ్డ సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

ఇంతలో గుండీల అక్క ఫోను. "తమ్ముడూ, ఈ తైలం మనవాళ్ళదేనా?"

"ఏ తైలం?"

"బట్టతల తైలం. పొద్దున్నుంచి అదొక్కటే వస్తోంది. నీ ప్రశ్నకి జవాబు చెప్పి వచ్చిందంటే ఎవరో దర్జీయే చేస్తున్నాడనుకుని మా ఆయన మూడు సీసాలకి చెప్పేశాడు."

మాస్టారు చూస్తే నిజమే. కంప్యూటరుకి పౌరుషం లేదు. సూది అని కొట్టి చూస్తోంది, కుదరకపోతే దారం అని కొడుతోంది. ఊళ్ళో దర్జీలందరూ గుమ్మంలో ఆగిపోయారు. తైలం మాత్రం ఇంటల్లుడిలా వస్తూ పోతూ ఉంది.

ఆ తర్వాత దుకాణం తలుపు ఊపిరి తీసుకోలేదు. స్వయంగా రండి అని రాసిపెట్టింది మాస్టారే కదా, వచ్చారు. వెనక్కి తిరిగొచ్చిన మెయిలు ఫోనులో పట్టుకుని ఒకరు, సూదీ దారం పట్టుకుని ఒకరు, పనిలోంచి లేచి నోట్లో గుండుసూదులతోనే ఒకరు. ఇస్త్రీ బల్లకి అటు దారంవాళ్ళు, ఇటు సూదివాళ్ళు చేరారు.

"నువ్వు ఎక్కించు చూద్దాం. చెయ్యి వణుకుతోందే."

"వణకడం కాదది. దారాన్ని పిలుస్తున్నా."

"పిలిస్తే వస్తుందా, నీ పెళ్ళామా అది?"

"పెళ్ళాం కూడా పిలిస్తే రాదు గానీ నువ్వు నీ సూది సంగతి చూసుకో."

పెద్ద మాస్టారు కూడా కోడలి చెయ్యి పట్టుకుని వచ్చేశారు. అందరూ తప్పుకుని దారిచ్చారు. "నా లిస్టులోంచి నన్నే గెంటావేమిరా?"

"మీరేం జవాబు కొట్టారు గురువుగారూ?"

"ఉన్నమాటే కొట్టాను. కోడలు ఎక్కిస్తుంది అని."

కోడలు ఎలా ఎక్కిస్తుందో తేలిస్తే తగువు తీరుతుందని అందరూ ఆవిడ వైపు తిరిగారు. "నేను ప్లాస్టిక్ పుల్ల పెట్టి లాగుతానండీ" అంది ఆవిడ. రెండు పక్షాలూ ఒకేసారి ముఖం తిప్పుకున్నాయి. ఆ రోజు వాళ్ళు ఒప్పుకున్న విషయం అదొక్కటే.

ఆ గోలలోకి కొత్త క్షవరం చేయించుకుని, తెల్ల చొక్కా వేసుకుని పెళ్ళికొడుకు వచ్చాడు. "బావా, కోటేదీ?"

"వచ్చాడు, వచ్చాడు. బాబూ, నువ్వు చెప్పు. సూదా, దారమా?" అన్నారెవరో.

"నేను గుండీ ఊడితే చొక్కా మార్చేస్తానండీ" అన్నాడు పెళ్ళికొడుకు. అప్పుడు కొయ్యబొమ్మ మీది కోటు చూశాడు. దాని పక్కన పరిచిన రెండు చేతులూ చూశాడు. దర్జీ కాకపోయినా వాడికి రెండు చేతులున్నాయి కాబట్టి అర్థమైంది.

"బావా, రెండూ ఒకే..."

దుకాణంలో అందరూ బల్ల మీదికి వంగి చూశారు. ఒక్కరూ నవ్వలేదు. సాటి దర్జీ అలా నవ్వకుండా ఉన్నాడంటే పరిస్థితి బాగాలేదన్నమాట.

"ఇంటిదగ్గర అమ్మ కోటు సంగతి అడుగుతోంది" అన్నాడు పెళ్ళికొడుకు మెల్లగా. "చివరి గంటలో చెప్పొద్దు, కావాలంటే మీ నాన్న పాత కోటు ఇస్త్రీ చేసి ఉంచానంది."

అత్తగారు ముందే ఇస్త్రీ చేసి ఉంచింది. మాస్టారు స్టూలు మీద కూలబడ్డారు. మెడలో టేపు కూడా తీసి బల్ల మీద పెట్టేశారు. అది చూసి ఆయన భార్య లేచి వచ్చి పక్కన నిలబడింది. "పోనీలెండి. దారమే అని పెట్టేస్తాను" అంది. ఆయన తలెత్తలేదు. కోటే లేనప్పుడు దారం గెలిచి ఏం లాభం.

అప్పుడు గుమ్మంలోంచి ఒక గొంతు వినిపించింది. "కాస్త జరుగుతారా అండీ. డ్యూటీకి టైమవుతోంది."

ఖాకీ చొక్కాతో ఒకాయన, చంకలో ప్లాస్టిక్ సంచీ. ఎవరూ ఆయన్ని అంతకుముందు చూడలేదు. "లిస్టుకి మెయిలు పెడితే వెనక్కొచ్చిందండీ. సందేహం ఉంటే ఇక్కడికి రమ్మంది. నాకు ఉన్నదంతా సందేహమే కదా, అందుకని వచ్చా."

"నువ్వు సూదా, దారమా?" అన్నాడు నోట్లో గుండుసూదులున్నాయన.

"బస్సండీ."

"అది కాదు. ప్రశ్నకి జవాబేం కొట్టావని."

"తెలీదు అని కొట్టానండీ. తెలిస్తే నేర్చుకోవడానికి ఎందుకొస్తాను." ఆయన సంచీ విప్పుతూ చెప్పాడు. "మా ఆవిడ పుట్టినరోజుకి వేసుకుని చూపిద్దామని నాకు నేనే కోటు కుట్టుకుంటున్నానండీ. అంతా బాగానే వచ్చింది. చేతులే... ఎలా కోశానో ఏమో, రెండూ కుడిచేతులే వచ్చాయి. గుడ్డ కూడా ఇక దొరకదంట. దీనికేమైనా మందుందా అని అడుగుదామని."

సంచీలోంచి బూడిదరంగు మీద సన్నని నీలం గీతలు బయటికి వచ్చాయి.

అంతసేపూ సంతలా ఉన్న దుకాణంలో సూది పడితే వినిపించేలా అయింది. నిజానికి రెండు మూడు పడ్డాయి కూడా.

మాస్టారు లేచారు. టేపు మెడలో వేసుకున్నారు. బల్ల మీదున్న ఎడమచేతుల్లో ఒకటి తీసి డ్రైవరు చేతిలో పెట్టి, ఆయన సంచీలోంచి ఒక కుడిచెయ్యి తీసుకున్నారు. ఖైదీలని మార్చుకున్నంత గంభీరంగా జరిగింది అది. డ్రైవరు చేతులు పెళ్ళికొడుకు చేతులకంటే కాస్త పొడుగు. అందుకని కుడిచెయ్యి మడిచి కుట్టాల్సి వచ్చింది, డ్రైవరుకి వెళ్ళిన ఎడమచెయ్యి కాస్త పొట్టిగా మిగిలింది. పట్టీ వేసి పొడిగిస్తానని మాస్టారు మాటిచ్చారు.

"అలాగే ఉండనివ్వండి" అన్నాడు డ్రైవరు. "హారను కొట్టే చెయ్యి అదే. అడ్డం లేకుండా ఉంటుంది."

ఆ తర్వాత కోటుకి దొరికినన్ని చేతులు ఏ కోటుకీ దొరికి ఉండవు. ఒకరు లైనింగు వేశారు, ఒకరు భుజం అతికారు, గుండీల అక్క గల్లాపెట్టె వదిలేసి మరీ గుండీలు తెచ్చింది. సూదివాళ్ళూ దారంవాళ్ళూ ఎవరి పద్ధతిలో వాళ్ళు దారం ఎక్కించుకుని, పక్కవాడు చూడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కుట్టారు. పెళ్ళికొడుకు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. మాస్టారు రెండడుగులు వెనక్కి వేయబోతే చోటు లేక పెద్ద మాస్టారి కాలు తొక్కారు.

"ఇన్నేళ్ళలో మన లిస్టులో ఎవరైనా ఆ మాట రాశారా?" అన్నారు పెద్ద మాస్టారు, కాలు తీసుకోకుండానే.

"ఏ మాటండీ?"

"తెలీదు అన్న మాట."

అందరూ పైకప్పు చూశారు. ఎవరికీ గుర్తులేదు. "మరి ఆ తైలం కంప్యూటరుకైనా ఆ మాట వచ్చిందా?" అన్నారు ఆయన.

టేపు మాస్టారి భార్య ఇంకేమీ మాట్లాడకుండా వెళ్ళి ఇస్త్రీ బల్ల చివర కూర్చుంది. ప్రశ్న అలాగే ఉంచింది. జవాబు మాత్రం మార్చింది. సూదీ కాదు, దారమూ కాదు. తెలీదు అన్నవాళ్ళకే తలుపు.

సాయంత్రం పెళ్ళిలో అత్తగారు కోటుని భుజం నుంచి మణికట్టు దాకా వేలితో తడిమి చూసింది. కుడిచేతి దగ్గర వేలు ఆగింది. లోపల మడత కాస్త ఎక్కువగా తగిలి ఉంటుంది. అల్లుడి వైపు చూసింది. "బాగుంది నాయనా" అంది. ఆ మాటకి మాస్టారు ఎంత పొంగిపోయారంటే, పెళ్ళి ఫొటోలో పెళ్ళికొడుకు పక్కన మెడలో టేపుతో నవ్వుతున్నది ఎవరని చూసినవాళ్ళందరూ అడుగుతూనే ఉన్నారు.

తైలం కంప్యూటరు కొన్నాళ్ళు సూది అని, దారం అని, గుండీ అని, కత్తెర అని కొట్టి చూసి, చివరికి విసుగొచ్చి మానేసింది. గుండీల అక్క ఇప్పుడు లిస్టు ఊసెత్తితే సంతోషంగానే మాట్లాడుతుంది. వాళ్ళాయన తల గురించి అడిగితే మాత్రం మాట మార్చేస్తుంది. టేపు మాస్టారికి ఏదైనా రాయాల్సి వస్తే భార్యని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, జవాబు కొట్టేటప్పుడు అటు తిరిగి నిలబడతారు.

అప్పటినుంచి లిస్టులో ఒక్క చెత్త మెయిలు లేదు; తెలీదని కొట్టలేక మిగతా దర్జీల మెయిళ్ళూ లేవు గానీ, బస్సు డ్రైవరు మాత్రం రోజూ రాస్తున్నాడు.